ఎనిమిదింతలు చాలు: విన్నిపెగ్ వేట దుకాణంలో బైనాక్యులర్లు అమ్మిన రోజులు

ఇరవై ఏడేళ్లకే పదవీ విరమణ చేసినవాణ్ణి నేను. శాలువా కప్పలేదు, గడియారం ఇవ్వలేదు. ఐడీ కార్డు వెనక్కి తీసుకుని, లాకర్లో మిగిలిపోయిన చపాతీ డబ్బా చేతికిచ్చి పంపించారు. చేసిన ఉద్యోగం విన్నిపెగ్‌లో వేట సామాను, చేపల గాలాలు అమ్మే ఒక దుకాణంలో బైనాక్యులర్ల కౌంటర్. ఇప్పుడు హామిల్టన్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్లు చూసుకుంటున్నాను. అది జీతం. అనుభవం అని చెప్పుకోదగ్గదేమైనా ఉంటే అది ఆ కౌంటర్ దగ్గరే జరిగింది.

ఇది రాయడానికి కారణం అదే కౌంటర్లో కొత్తగా చేరిన నిజామాబాద్ అబ్బాయి. నా నంబరు ఎవరిచ్చారో కానీ, "అన్నా, డబ్బా మీద ఎనిమిది ఇంటూ నలభై రెండు అని ఉన్నది. కస్టమర్ అడిగితే ఏం చెప్పాలె?" అని మెసేజ్ పెట్టాడు. జవాబు టైపు చేయడం మొదలుపెట్టాను. ఇంత అయింది.

చేరడం

మేం వచ్చిన కాలంలో విమానం దిగిన ప్రతివాడికీ ఒక చేతిలో అడ్మిషన్ లెటర్, ఇంకో చేతిలో రెజ్యూమే ఉండేవి. కాఫీ షాపు ముందు వరుస కడితే ముందున్నది మనవాడే, వెనకున్నది మనవాడే, లోపల రెజ్యూమేలు తీసుకుని పక్కన పెడుతున్నదీ మనవాడే. మేం అద్దెకున్న బేస్‌మెంట్‌లో షిఫ్టు దొరికినవాడు దొరకనివాడి ఎదుట నవ్వడానికి జంకేవాడు. అద్దె, ఫీజు, వారానికి ఇన్ని గంటలే పనిచేయాలన్న నిబంధన, ఈ మూడూ ఒకదాన్నొకటి చూసి నవ్వుకునేవి. మాకు నవ్వొచ్చేది కాదు.

వేట దుకాణం వైపు మాత్రం ఎవరూ వెళ్లేవారు కాదు. గుమ్మంలోనే ఎలుగుబంటి నిలబడి ఉంటుంది, బతికున్నది కాదు కానీ ఆ సంగతి దాని మొహం చూస్తే తెలియదు. పోటీ లేని చోటు కాబట్టి నేను వెళ్లాను. స్టోర్ మేనేజర్ కెవిన్ "వేటాడతావా?" అని అడిగాడు. లేదు అనడం మన రక్తంలో లేదు కదా, "నేర్చుకుంటున్నాను" అన్నాను. అప్పటికి నేను వేటాడిన అతిపెద్ద జంతువు బొద్దింక. అదీ తప్పించుకుంది.

ఉద్యోగం వచ్చింది. అమ్మకు కళ్లద్దాల షాపని చెప్పాను. పూర్తిగా అబద్ధం కాదు.

గుసగుసల కస్టమర్లు

మనవాళ్లు ఆ దుకాణంలోకి వచ్చే తీరు వేరుగా ఉంటుంది. ముందు చేపల గాలాల దగ్గర కాసేపు తచ్చాడతారు. తర్వాత చలికోట్లు చూస్తారు. చివరికి నా కౌంటర్ దగ్గరకొచ్చి, నా మొహం చూసి, గొంతు తగ్గించి "తెలుగా?" అంటారు. వేట అంటే మనకు తెలిసింది జైలు, కోర్టు, పేపర్లో ఫొటో. ఇక్కడ అదొక కోర్సు, పరీక్ష, లైసెన్సు, నారింజ రంగు జాకెట్టు. ఆ తేడా బుర్రకెక్కినా గొంతుకెక్కదు.

"తమ్ముడూ, ఇది కొంటే పీఆర్ ఫైల్లో ఏమైనా పడుతుందా?" అని శాశ్వత నివాసపు అర్జీ గురించి అడిగినవాళ్లు ఎందరో. "బైనాక్యులర్లు కొంటే ఏం పడదన్నా. పడితే ముందు నాకే పడాలె" అని ధైర్యం చెప్పేవాణ్ణి. చెప్పి, బ్రేక్‌లో ఫోన్ తీసి నేనే ఒకసారి వెతికి చూసుకునేవాణ్ణి. భయం అంటువ్యాధి. కౌంటర్ అడ్డం ఉన్నా ఆగదు.

డబ్బా మీది అంకెలు

ఇక అసలు ప్రశ్న. మొదటి అంకె ఎన్ని రెట్లు దగ్గరగా చూపిస్తుందో చెబుతుంది. రెండోది ముందున్న అద్దం వెడల్పు, మిల్లీమీటర్లలో. ఎనిమిది ఇంటూ నలభై రెండు అంటే ఎనిమిదింతలు దగ్గరగా, నలభై రెండు మిల్లీమీటర్ల అద్దంలోంచి. రెండో అంకెను మొదటి అంకెతో భాగించు. అయిదు, ఆ పైన వస్తే సాయంత్రం వెలుగు తగ్గినప్పుడు కూడా కంటికి సరిపడా కాంతి అందుతుంది. రెండు కన్నా తక్కువ వస్తే మధ్యాహ్నం క్రికెట్ చూడ్డానికి వాడుకోవాలి, జింక కోసం కాదు. జింకలు బయటికొచ్చేది తెల్లవారుజామున, సంధ్యవేళ. మధ్యాహ్నం అవి మనకన్నా తెలివైనవి, పడుకుంటాయి.

మన జాతికి ఈ భాగహారం నచ్చదు. మనకు పెద్ద అంకె కావాలి. ఎనిమిది అనగానే ఫెయిలైన సబ్జెక్టు చూసినట్టు చూస్తారు. "పదికి ఎనిమిదా?" అని ఒకాయన నిజంగానే అడిగాడు. పక్కన గాజు అరలో పది నుంచి ముప్ఫై దాకా తిప్పుకునే జూమ్ రకం ఉంటుంది, అదీ చవకే. ముప్ఫై దగ్గర పెడితే చూసేవాడి గుండె కొట్టుకోవడం కూడా బొమ్మలో కనిపిస్తుంది, ఎందుకంటే బొమ్మ అంతలా వణుకుతుంది. పైగా చీకటి. చవకలో జూమ్ కొనడం అంటే రెండు చెడ్డ బైనాక్యులర్లను ఒకే డబ్బాలో కొనడం.

చవక అన్నందుకు సిగ్గుపడనక్కర్లేదు. తక్కువ ధరలో పాతకాలం వంకర ఆకారపు రకాలు నిటారు రకాలకన్నా తేటగా ఉంటాయి, కాస్త బరువు. లోపల గ్యాస్ నింపి మూసినవి తీసుకో, లేకపోతే చలిలోంచి ట్రక్కులోకి రాగానే లోపలే మంచు పడుతుంది. కళ్లద్దాలున్నవాళ్లు వెనక రబ్బరు కప్పులు కిందికి మడవాలి, లేదంటే తాళపుచెవి రంధ్రంలోంచి ప్రపంచాన్ని చూసినట్టు ఉంటుంది. మెడకు వేలాడేసే తాడు కాదు, ఛాతీకి కట్టుకునే పట్టీ అడగమను.

ఒక్కటి మాత్రం గట్టిగా చెప్పు. తుపాకీ మీద ఉండే స్కోప్‌తో అడవిని వెతకకూడదు. స్కోప్ ఎటు చూస్తే గొట్టం అటే తిరుగుతుంది. చూస్తున్నది మనిషైతే, మనిషి వైపు తుపాకీ పెట్టాక మనిషని తెలుస్తుంది. బైనాక్యులర్లు కొనేది అందుకు. దూరం చూడ్డానికి కాదు, ముందు చూడ్డానికి.

వెనక తలుపు

కౌంటర్‌లో నా పై అధికారి డార్లీన్. అరవై దాటిన మనిషి, ఆ ఊళ్లోనే పుట్టింది, ఎవరినీ పొగిడిన దాఖలా లేదు. ఆవిడ పెట్టిన నియమం ఒకటుండేది. వేటకని బైనాక్యులర్లు కొనేవాళ్లెవరైనా సరే, వెలుగు తగ్గే వేళకు దుకాణం వెనక తలుపు దగ్గరకొచ్చి చూడాలి. అవతల కంచె, కంచె అవతల రైలు పట్టాల దాకా ఖాళీ పొలం. అందులో ఆవిడ ప్లైవుడ్‌తో కోసిన జింకబొమ్మ ఒకటి, గుంజకు తగిలించిన తన భర్త పాత గోధుమరంగు కోటు ఒకటి పెట్టేది. రోజూ చోట్లు మార్చేది. కొన్ని రోజులు ఒకటే ఉంచేది. ఏది ఏమిటో చెప్పాలి.

దుకాణం లైట్ల కింద ప్రతి బైనాక్యులరూ బాగానే ఉంటుంది, పెళ్లిచూపుల్లో పెళ్లికొడుకులాగా. తలుపు దగ్గర అసలు సంగతి బయటపడేది.

నేను చేరిన వారంలోనే నాకూ పరీక్ష పెట్టింది. చూసీ చూడగానే "ఎడమది జింక" అన్నాను. "ఖాయమా?" అంది. "హండ్రెడ్ పర్సెంట్" అన్నాను. "మా ఆయన కోటుని కాల్చేశావు. అదృష్టం, ఆయన ఇంట్లో ఉన్నాడు" అని లోపలికి వెళ్లిపోయింది. తర్వాత కాఫీ దగ్గర చెప్పింది, తెలియకపోతే తెలియదు అనడం కూడా అక్కడ సరైన జవాబేనట. నిజం చెప్పాలంటే అలాంటి జవాబొకటి ఉంటుందని అప్పటిదాకా నాకెవరూ చెప్పలేదు. నెగటివ్ మార్కులు లేవని తెలిస్తే చివరి నిమిషంలో కళ్లు మూసుకుని మిగిలిన గుండ్రాలన్నీ నింపేసే చదువు మనది. ఖాళీ వదలడం అంటే ఇంట్లోవాళ్లను అవమానించడం.

తర్వాత చాలామందిని ఆ తలుపు దగ్గర చూశాను. ఇక్కడివాళ్లూ తప్పులు చెప్పేవారు, నవ్వేసి పందెం బీరు కొనిచ్చేవారు. మనవాళ్లు నవ్వేవారు కాదు. తప్పయితే రీవాల్యుయేషన్ అడిగేవారు.

డార్లీన్‌ను దేవతను చేయొద్దు. కళ్లద్దాలున్నవాళ్లు వేటకెళ్లకూడదనేది. వంకర రకాలు తాతల సామానని అమ్మనిచ్చేది కాదు, అది తప్పని నేను నెలల తరబడి వాదించాల్సి వచ్చింది. పైగా ఆవిడకే కంట్లో శుక్లం మొదలైంది. తన పరీక్షలో తను పాసయ్యేది కాదు. పొద్దున తగిలించేది తనే కాబట్టి సాయంత్రం మార్కులు వేయగలిగేది.

కెవిన్‌కు ఈ తలుపు వ్యవహారం గిట్టేది కాదు. కస్టమర్ డబ్బా పట్టుకుని బిల్లింగ్ వైపు నడుస్తుంటే మనం చలిలోకి నడిపిస్తున్నామని అతని బాధ. నా షిఫ్టు గంటలు వేసేది అతనే. డార్లీన్ మాట వింటే గంటలు తగ్గుతాయేమోనని, కెవిన్ మాట వింటే ఇంకేమైనా జరుగుతుందేమోనని, రెండేళ్లు నేను ఆ రెండు భయాల మధ్యే నిలబడి పనిచేశాను. కుర్చీ ఇవ్వలేదు కాబట్టి నిలబడి అనడం అతిశయోక్తి కాదు.

మురళి గారు

నవంబరు, జింకల సీజను. మంచు పడి పాతబడింది కూడా. ఒక సాయంత్రం కళ్లద్దాలు, మోకాళ్ల దాకా కోటు వేసుకున్న ఒకాయన గాలాలు చూసి, కోట్లు చూసి, నా దగ్గరకొచ్చాడు. మురళి గారు. గుంటూరు మనిషి, చాలాకాలం అమెరికాలో చేసి, అక్కడ గ్రీన్‌కార్డు వచ్చేలోపు జుట్టు పోతుందని తేలాక మానిటోబా రాష్ట్రం సిఫారసు చేసే పథకంలో ఈ ఊరొచ్చారు. ఇక్కడ ఒక ఇన్సూరెన్సు ఆఫీసులో సాఫ్ట్‌వేర్.

"చెప్పండి అంకుల్" అన్నాను.

"అంకులేంటి బాబూ, అన్నా అను" అన్నారు, పెద్ద నష్టం జరిగినట్టు. తర్వాత అడిగారు. "తక్కువలో, అన్నిటికన్నా ఎక్కువ దూరం కనపడేది ఇవ్వు."

సరదా మనిషి అనుకున్నాను. సంగతి చెప్పాక అలా అనిపించలేదు. ఆయన కూతురు నిత్య, పదకొండో తరగతి. స్నేహితురాలి కుటుంబంతో తిరిగి వేట మీద మనసు పడింది. వద్దంటే, "నాన్నా, వీ ఈట్ చికెన్. ఎవరో చంపితే ఓకేనా?" అందట. తండ్రీకూతుళ్లిద్దరూ సేఫ్టీ కోర్సు చేశారు, ఆమెకు క్లాసులో అందరికన్నా ఎక్కువ, ఈయనకు బొటాబొటి. స్నేహితురాలి తాతగారి పొలంలో వచ్చే శనివారం వెళ్లడానికి అనుమతి దొరికింది. మైనరు కాబట్టి పక్కన పెద్దవాళ్లుండాలి. ఆ పెద్దవాళ్లు ఈయనే. ఇంట్లో ఆవిడ మాట్లాడటం మానేసింది. మానేసేముందు ఒక షరతు మాత్రం పెట్టింది. ఈయన చూసి, జింకే అని చెబితేనే పిల్ల ట్రిగ్గర్ నొక్కాలి.

"తుపాకీ దానిది. కళ్లు నావి" అన్నారు మురళి గారు, కౌంటర్ మీద గీతలు గీస్తూ. "పొద్దువాలాక అరగంట దాకా కాల్చొచ్చంట రూలు. ఆ అరగంటలో అవును అనాల్సింది నేను బాబూ. ఆ పొలంలో ఆ తాతగారు తిరుగుతుంటాడు, పక్క పొలంవాళ్లు తిరుగుతుంటారు. నేను అవునని, అది జింక కాకపోతే?"

కెవిన్ దూరంనుంచి జూమ్ డబ్బా వైపు కనుబొమ్మలెగరేస్తున్నాడు.

తలుపు దగ్గరకు తీసుకెళ్లాను. ముందు ఆయన కోరిన జూమ్ ఇచ్చాను. కళ్లద్దాల మీద పెట్టుకుని, ముప్ఫైకి తిప్పి, ఊపిరి బిగబట్టి, "కుడివైపుది జింక" అన్నారు. ఖాయమా అని డార్లీన్ అడిగితే "డెఫినెట్లీ" అన్నారు. అది కోటు. రబ్బరు కప్పులు మడిచి ఎనిమిది నలభై రెండు ఇచ్చాను. ఈసారి నిజంగా చూశారు, భుజాలు కిందికి దిగాయి, అంటే బొమ్మ వణకడం ఆగిందన్నమాట. కానీ అప్పటికి వెలుగు బాగా తగ్గింది. ఎడమది జింక, కుడిది కోటు అన్నారు. తను ముందు చెప్పిన జవాబునే తిరగేశారు. ఆ మధ్యలో డార్లీన్ వెళ్లి జింకబొమ్మను తీసేసిందని ఆయనకు తెలియదు. ఎడమవైపున ఉన్నది గడ్డి దుబ్బు.

"అంకుల్, తెలియకపోతే తెలీదు అనొచ్చు. తప్పేం లేదు" అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. "తెలీదు అని ఎలా అంటాను బాబూ? అది నా మొహం చూసి అడుగుతుంది. చిన్నప్పటినుంచి లెక్కలు అడిగింది, ఫిజిక్స్ అడిగింది, ఒక్కసారి తెలీదనలేదు. పక్కన నిలబడి తెలీదనేవాణ్ణి నేనెందుకక్కడ, గుడారం కర్రలాగా?"

దీనికి నా దగ్గర జోకు లేదు. ఉండాల్సింది. నా పరువు దాని మీదే ఆధారపడి ఉంది. చివరికి ఆయన ఎనిమిది నలభై రెండే కొన్నారు. ఏదైనా అవసరమైతే అడగమని నా నంబరిచ్చాను, ఆయనదీ తీసుకున్నాను.

ఒక్క టిక్కు

శుక్రవారం కాలేజీ నుంచి వచ్చి షిఫ్టులో చేరేసరికి, వాపసు వచ్చిన సామాను అరలో ఎనిమిది నలభై రెండు డబ్బా కనిపించింది. లోపల తాడుకు మురళి గారు కట్టుకున్న ముడి అలాగే ఉంది. ఏమైందని కెవిన్‌ను అడిగాను. నిన్న ఆయన వచ్చి మార్చుకున్నాడట, జూమ్ తీసుకున్నాడట. స్నేహితుల వాట్సాప్ గ్రూపులో ఫొటో పెడితే అందరూ నవ్వారట, ఆ ధరకు ముప్ఫై రెట్లు వస్తుంటే ఎనిమిది కొంటారా ఎవరైనా అని. కెవిన్‌కు ఇది శుభవార్త. గ్రూపులో ఒక్కడు కూడా జింకను బతికుండగా చూసినవాడు ఉండడు, అది వేరే సంగతి. మన గ్రూపుల్లో తెలియని విషయం మీదే ఏకాభిప్రాయం త్వరగా వస్తుంది.

ఫోన్ చేశాను. ఎత్తలేదు. వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెట్టాను. "అంకుల్, ఆ జూమ్ సాయంత్రం పనికిరాదు. పొద్దున్నే వచ్చి పాతది తీసుకుపోండి, నేను పక్కన పెట్టి ఉంచుతా. రాలేకపోతే దాన్ని పది మీదనే ఉంచండి, ముప్ఫైకి తిప్పొద్దు." పక్కన బూడిదరంగు టిక్కు ఒక్కటే పడింది. వాళ్లు అప్పటికే ఊరు దాటి సిగ్నల్ లేని చోటికి బయల్దేరారని నాకు తెలియదు.

శనివారం మొత్తం ఆ ఒక్క టిక్కే. చేపల సీజను కాకపోయినా గాలం లాగి చూసినట్టు ఫోన్ తీసి చూడటం, జేబులో వేయడం. మధ్యాహ్నానికి నా ఊహలో టీవీ ఛానెళ్లు వచ్చేశాయి. కింద ఎర్రపట్టీలో నా పేరు తప్పుగా వేశారు. స్టూడియోలో నలుగురు కూర్చుని బైనాక్యులర్ల గురించి మాట్లాడుతున్నారు, వాళ్లలో ఒకడు జూమే మంచిదంటున్నాడు. నన్ను నేను నవ్వించుకోవడానికి చేసిన ప్రయత్నమిది. పనిచేయలేదు. అక్కడ పదహారేళ్ల పిల్ల మంచులో మోకాలి మీద కూర్చుని ఉంటుంది, పక్కన తండ్రి ఉంటాడు, తెలీదనడం రాని తండ్రి. ఆ తర్వాత బొమ్మ ఎటు తిప్పినా నవ్వు రాలేదు.

డార్లీన్ కనిపెట్టింది. ఏమైందని అడిగి, విని, "ఆయన పెద్దమనిషి, కోర్సు పాసయ్యాడు" అంది. అంతే. ఓదార్పు అయిపోయింది. కానీ వెలుగు తగ్గే వేళకు కస్టమర్లెవరూ లేకపోయినా వెనక తలుపు తీసుకుని నిలబడింది. నేనూ వెళ్లి నిలబడ్డాను. సూర్యుడు పట్టాల అవతలికి వెళ్లాడు. ఆవిడ వాచీ చూసుకుంది. అరగంట సాగినంత సేపూ ఇద్దరం ఖాళీ పొలాన్ని చూస్తూ ఉన్నాం. అది అయ్యాక తలుపు మూసి, "సరే, ఇక కాల్చే వీల్లేదు" అంది. అయ్యిందేదో అయ్యింది అని దానర్థం. ఆవిడ ఉద్దేశం ధైర్యం చెప్పడమే అయ్యుండాలి.

ఆదివారం పొద్దున టిక్కులు రెండయ్యాయి. నీలం అయ్యాయి. జవాబు లేదు. ఒక్క టిక్కే నయమనిపించింది.

వాపసు

ఆ మధ్యాహ్నమే వచ్చారు, ఇద్దరూ. నిత్యను చూడటం నాకదే మొదటిసారి. పొడుగ్గా, నిద్రలేని మొహంతో, గుమ్మంలో ఎలుగుబంటి పక్కన ఆగిపోయింది. మురళి గారు నేరుగా వచ్చి జూమ్ డబ్బా కౌంటర్ మీద పెట్టారు.

"ఇది పనిచేయదు బాబూ. రిటర్న్ చేయి."

ఏమైందని డార్లీన్ అడిగింది. ఆయన ఇంగ్లీషులో మొదలుపెట్టి, మధ్యలో నా వైపు తిరిగి తెలుగులోకి దిగారు. పొద్దంతా ఏమీ కనపడలేదట. సూర్యుడు దిగిపోయాక, ఆ అరగంట చివర్లో, చెట్ల అంచున గోధుమరంగుది ఏదో కదిలింది. నిత్య మోకాలి మీద ఉంది, తుపాకీ ఇంకా ఎత్తలేదు, ఈయన మొహం చూసింది. "నాన్నా? ఈజ్ ఇట్?" అంది. ఈయన ముప్ఫైలో చూస్తే అది గంతులేస్తోంది, కదులుతున్నది అదో తన చేతులో తెలియదు. పదికి తిప్పితే చీకటి. ఊపిరికి కళ్లద్దాలు మసకబారాయి.

"అవును అని నోట్లోకి వచ్చేసింది బాబూ" అన్నారు. "నాలిక చివరిదాకా వచ్చింది. దాని మొహం చూశాను. నేనేం చెప్తే అది చేసేస్తుంది, అంత నమ్మకంగా చూస్తోంది. భయమేసింది. తెలీదమ్మా అన్నాను."

యస్సా, నోనా అని పిల్ల మళ్లీ అడిగిందట. రెండూ కాదు, తెలీదు అన్నారట. ఆమె తుపాకీలోంచి గుండు తీసేసింది. చెట్ల అంచున ఉన్నది లోపలికి వెళ్లిపోయింది.

ఇది సినిమా అయితే ఆ చెట్ల దగ్గర ఉన్నది గోధుమరంగు జాకెట్టు వేసుకున్న తాతగారు అయ్యుండాలి. ఆయన పొద్దున్నే టీ తాగుతూ ఏమీ తెలియనట్టు నవ్వాలి. అలా ఏం జరగలేదు. అది జింకో, ఆవో, మనిషో ఎవరికీ తెలియదు. పొద్దున వెళ్లి చూస్తే మంచంతా గాలికి కొట్టుకుపోయి జాడ కూడా లేదు. నాకు ఇప్పటికీ తెలుసుకోవాలని ఉంటుంది. తెలిసే దారి లేదు.

తిరుగు ప్రయాణంలో హైవే ఎక్కేదాకా పిల్ల మాట్లాడలేదట. కోపమనుకున్నారు ఈయన. ఎక్కాక "యూ నెవర్ సే దట్" అందట. అది తిట్టో, ఏమిటో ఈయనకు ఇంకా అర్థం కాలేదు. మిగిలిన దారి పొడవునా ఆలోచించి, తప్పు బైనాక్యులర్‌దే అన్న నిర్ధారణకు వచ్చి వాపసు ఇవ్వడానికి వచ్చారు.

ఏం లోపముందని కెవిన్ డబ్బా తెరిచి చూడబోయాడు. లోపమేమీ లేదు, అది అలాంటిదే అని చెప్పి డార్లీన్ వాపసు కొట్టేసింది. నేను పక్కన పెట్టిన ఎనిమిది నలభై రెండు తీసి మురళి గారి ముందుంచాను. ఆయన ముడి ఇంకా విప్పలేదు. ఈసారి గ్రూపులో ఫొటో పెట్టొద్దన్నాను. గ్రూపులోంచి వచ్చేశానన్నారు.

అప్పుడు నిత్య కౌంటర్ దగ్గరకొచ్చింది. గాజు అరలోకి వంగి, చవకలో ఉన్న వంకర రకాన్ని వేలితో చూపించింది.

"దిస్ వన్. నాకు."

"నీకెందుకమ్మా? నేనున్నాగా" అన్నారు మురళి గారు.

"నాన్నా, నువ్వు తెలీదు అన్నావ్. ఫైన్. నేను కూడా చూస్తే కదా. ఇద్దరికీ తెలీకపోతే అప్పుడు రియల్లీ తెలీదు."

నేను రెండేళ్లు ఆ కౌంటర్‌లో నిలబడి ఎవరికీ ఇవ్వలేని సలహా అది. ఒక ఖరీదైనది కొని ఇద్దరు లాక్కోవడం కన్నా, రెండు మామూలువి కొనుక్కోవడం మేలు. కుడికంటి దగ్గరుండే చక్రాన్ని ఎవరి కంటికి వాళ్లు ఒకసారి సరిచేసుకుంటే మళ్లీ తిప్పనక్కర్లేదు. పంచుకుంటే ప్రతిసారీ తిప్పాలి, తిప్పేలోపు చీకటి పడుతుంది. ఈ సాంకేతిక కారణాన్నే మురళి గారికి చెప్పాను. ఆయన దాన్నే ఒప్పుకున్నారు. కెవిన్ ఒక వాపసుకు రెండు అమ్మకాలు చూసి, నా గంటలు తగ్గించలేదు. పెంచనూ లేదు.

సీజనులో ఇంకో వారం మిగిలుంది. బిల్లు చేయబోతే డార్లీన్ అడ్డొచ్చింది. పిల్లను తలుపు దగ్గరకు తీసుకురమ్మంది. ఆ వంకరవాటిని ఆవిడ అమ్మనివ్వడం అదే మొదటిసారి, అయినా పరీక్ష పరీక్షే.

అక్కడ నవంబరులో నాలుగు దాటితే పొద్దు వాలుతుంది. బయట వెలుగు తగ్గుతోంది, పూర్తిగా పోలేదు. ఆ రోజు పొలంలో ఏముంచిందో నాకూ చెప్పలేదు. నిత్య మోచేతులు పక్కటెముకలకు ఆనించి, కోర్సులో నేర్పినట్టు, చూడటం మొదలుపెట్టింది. ఎడమ నుంచి కుడికి, మెల్లగా. మళ్లీ కుడి నుంచి ఎడమకు. చలి తలుపులోంచి లోపలికి వస్తోంది. మురళి గారు నా పక్కన నిలబడి ఒక కాలి మీంచి ఇంకో కాలి మీదికి మారుతున్నారు, ఎంసెట్ సెంటర్ గేటు బయట నిలబడ్డ తండ్రిలాగా. ఆగలేకపోయారు. ముందుకు వంగి, ఆమె చెవి దగ్గర గొంతు బాగా తగ్గించారు.

"అమ్మా, తెలీకపోతే తెలీదని చెప్పు. తప్పేం లేదు."

నిత్య బైనాక్యులర్లు కళ్ల మీంచి దించలేదు.

"నాన్నా, ష్. లెట్ మీ లుక్."